మిద్దె మీదికి

మా ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించాలంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తాం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదేం చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. పక్క పోర్షన్‌లో ఏడాది పైగా ఉండి వెళ్లిన ఒక మనిషి మూలాన మాకు పట్టుకున్న అలవాటు ఇది. ఆమె ఊపిరిని కాపాడటానికి మేము పడ్డ తిప్పలూ, అదే ఊపిరి మీదికి మా ఇంట్లోనే వచ్చిన ముప్పూ రాసి పెట్టకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

మాది చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఊరు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఏడాదికోసారి రంగు అడుగుతాయి. చుట్టూ రొయ్యల గుంటలు. మా ఆయనకు రెండున్నాయి. నేను ఊళ్లో బడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. మా అత్త మాతోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆమెతో మేమే ఉంటున్నాం, ఇంట్లో ఇంకా ఆమె మాటే చెల్లుతుంది. డెబ్బై దాటింది. ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చుంటుంది. ఎదురింట్లోనే పాస్టరు గారి కాపురం కావడం ఆమెకు గర్వకారణమూ, తలనొప్పీ కూడా.

మా పక్క పోర్షన్ అద్దెకు కావాలని ఒక అబ్బాయి వచ్చాడు. ఇరాక్‌లో కొండల నడుమ ఉండే కుర్దుల ఊరట. చేపల కాలేజీలో రొయ్యల తెగుళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు, గుంటల దగ్గరే ఉంటే పని సులువని మా ఇల్లు వెతుక్కున్నాడు. వచ్చిన నెలకే నన్ను అక్కా అనీ, అత్తను అవ్వా అనీ పిలవడం నేర్చాడు, పోనుపోను తెలుగంతా పట్టేశాడు. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వస్తే మా ఆయన డాక్టరుకన్నా ముందు అతన్నే లేపేవాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్లమ్మను తీసుకొచ్చాడు. చెన్నైలో పెద్ద డాక్టరుకు చూపించడానికని వచ్చి, ఇక్కడి గాలి పడుతుందేమోనని ఆమె కొడుకు దగ్గరే ఉండిపోయింది.

ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయేమో. మొదటిరోజు కారు దిగి మా గుమ్మం దాకా నడవడానికి మూడు చోట్ల నిలబడింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తలమీద పల్చటి గుడ్డ కప్పుకుని, పచ్చగా ఉంటే వీధిలో ఆడవాళ్లు సినిమావాళ్లెవరో వచ్చారనుకున్నారు. అద్దాలు తీస్తే తెలిసింది, కళ్లు ఎర్రగా, ఎప్పుడూ నీళ్లు కారుతూ. ఎండ చూస్తే సూదులతో పొడిచినట్టు ఉంటుందట. గొంతు మగవాళ్ల గొంతులా బొంగురుగా ఉంటుంది. మెడ కింద, చంకల్లో కాలిన మచ్చలు. మన నెల్లూరు చెమటకు అవి మండి, పాపం, రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోసుకునేది.

ఏమిటీ జబ్బు అని మా అత్త మొహమాటం లేకుండా అడిగేసింది. కొడుకు వసారాలో కూర్చుని చెప్పాడు. వాళ్లమ్మ ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు విమానాలొచ్చి వాళ్ల ఊరి మీద విషపు గాలి వదిలాయి. యుద్ధం సైనికులది, గాలి మాత్రం బడికి పోయే పిల్లల మీదా, రొట్టెలు కాల్చుకునే ఆడవాళ్ల మీదా పడింది. బతికినవాళ్లకు అది ఒంట్లోనే ఉండిపోయింది. వాళ్లమ్మ కొన్ని వారాలు చూపు లేకుండా ఉందట. చర్మం బొబ్బలు లేచి ఊడిపోయిందట. పెళ్లయ్యాక రెండు కాన్పులు పోయాక ఇతను నిలిచాడు. ఊపిరితిత్తుల్లో గొట్టాలు కాలి గట్టిపడిపోయాయి, చెన్నై డాక్టరు చెప్పింది ఒకటే మాట: పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి, పొగ తగిలిన ప్రతిసారీ ఉన్నదాంట్లోంచే కొంత పోతుంది.

"ఎవురయ్యా ఆ గాలి వొదిలింది? వాళ్లకి బిడ్డలు లేరా?" అంది మా అత్త.

వాళ్లమ్మ కోరిక కూడా అప్పుడే తెలిసింది. కొడుకు పరిశోధన పూర్తయి, పట్టా పుచ్చుకునేటప్పుడు తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లి ఆ హాల్లో కూర్చోవాలట. అంతకుమించి డాక్టర్లను ఆమె ఏమీ అడగలేదు.

నాకు ఒక గుణముంది, మా ఆయన దాన్ని రోగమంటాడు. ఏదైనా నెత్తికెత్తుకున్నానంటే ఇంటిల్లిపాదినీ నిలబడనివ్వను. ఆ రోజు నుంచి పొగను మా ఇంట్లోంచి వెలేశాను. దోమల బిళ్లలు, చుట్టలు బంద్, అందరికీ దోమతెరలే. బాత్రూములో ఫినాయిల్ మానేసి సబ్బునీళ్లు. తిరగమాత పెరట్లో పొయ్యి మీద. మా ఆయన మొహానికి పౌడరు కొట్టుకోవాలన్నా వీధిలోకి పోయి కొట్టుకోవాలి. పంట తీశాక గుంటలకు బ్లీచింగ్ కొట్టాల్సి వచ్చింది. ఆ వాసన మాకే కళ్లు మండిస్తుంది, సముద్రం వైపు నుంచి వీచే గాలి దాన్ని సరాసరి మా ఇంట్లోకే తెస్తుంది. అందుకని తల్లీకొడుకులిద్దర్నీ వెంకటాచలంలో మా చెల్లెలి ఇంటికి పంపి, వాసన పూర్తిగా పోయిందని నేను స్వయంగా గట్టు మీద నిలబడి పీల్చి చూశాకే రప్పించాను.

మా అత్తకు మాత్రం చేపల పులుసులో కారం తగ్గించడం ప్రాణం మీదికొచ్చింది. ఆ అబ్బాయి తల్లి కోసం చిన్న గిన్నెలో కారం లేకుండా విడిగా చేసి, అది తీసుకెళ్లి ఇస్తూ ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేది. "ఇది పులుసని చెప్పబాకు మే, నా పరువు బోతాది" అనేది నాతో. ఆమె ఆ పులుసు తాగి, మజ్జిగ తాగి, మా అత్త చేతిని కళ్లకద్దుకునేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని ఒకరు తెలుగులోనూ ఒకరు కుర్దులోనూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. దేని గురించని అడిగితే మా అత్త, "కోడళ్ల గురించి" అనేది.

నాలుగైదు నెలలకు ఆమె మొహంలో రంగు వచ్చింది. సాయంత్రాలు గుంట గట్టు దాకా నడిచి, ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే చూసి, మళ్లీ నడిచి వచ్చేది. మధ్యలో ఒక్కచోటే ఆగేది. దారిన పోయేవాళ్లంతా ఎంత తేరుకుందో అంటుంటే నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్ పైకి పంపారు. మా ఊళ్లో రాకెట్ అంటే పని ఎక్కడిదక్కడ వదిలి మిద్దెలెక్కడమే. మేమంతా ఎక్కాం. మోకాళ్ల నొప్పుల వల్ల మా అత్త కొన్నేళ్లుగా మెట్లెక్కడం మానేసింది. "ఎన్నిసార్లు చూసేది మే? అది పోతానే ఉంది, మనం ఈడనే ఉండాం" అని కిందే కూర్చుంది. దక్షిణాన నిప్పు లేచింది. కాసేపటికి చప్పుడు వచ్చి కిటికీలు గడగడలాడాయి. ఆ అబ్బాయి తల్లికి చెప్పడం మేమందరం మరిచాం. కిందికి చూస్తే పోర్షన్ ముందు నిలబడి, రెండు చేతులతో గుండె పట్టుకుని, ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. నేను పిట్టగోడ మీది నుంచి వంగి చేతులూపుతూ అరిచాను.

"పైకి! పైకి రా! ఏం గాదు, పైకి!"

ఆమె మెట్లెక్కి వచ్చింది. కొడుకు ఆకాశంలో తెల్లటి దారి చూపించి చెబితే అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఆయాసం తగ్గాక నవ్వి ఏదో అంది. కొడుకు మాకు చెప్పాడు. "మా ఊళ్లో ఆకాశంలో చప్పుడైతే అందరం కిందికి పోయేవాళ్లం, మీరు పైకి వస్తారు అంటోంది అమ్మ."

కిందికి అంటే నేలమాళిగలోకి. అక్కడ ప్రతి ఇంటి కిందా ఒకటి ఉండేదట, బాంబుల రోజుల్లో అదే దిక్కట. ఆ రోజు మాత్రం వచ్చింది గాలికన్నా బరువైన విషం. అది నేల మీద పాకి, మెట్లు దిగి, మాళిగల్లోకి పోయింది. జాగ్రత్తగా దాక్కున్నవాళ్ల దగ్గరికే వెళ్లింది.

"మరి నువ్వు?" అన్నాను.

"నేను పైన ఉన్నాను" అంది. ఆ మాటా కొడుకే తెలుగులో చెప్పాడు. అమ్మ ఎప్పుడూ ఇంతవరకే చెబుతుందని కొడుకు నాతో చిన్నగా అన్నాడు. ఆమె మాత్రం "పైకి" అన్న మాటను రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకుంది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

తర్వాత చలికాలం వచ్చింది. మంచుకు ఆమెకు దగ్గు మొదలై నాలుగు రోజులైనా తగ్గలేదు. మందులు వాడుతున్నాం. మా అత్తకు మాత్రం అసలు కారణం తెలిసిపోయింది.

"దిష్టి తగిలుండాది మే. తెల్లటి మనిషి, కళగా తిరుగుతా ఉంటే ఊరంతా కళ్లు పెట్టినారు. మందులకి పొయ్యేది గాదు ఇది."

"ప్రార్థన చేయించు అత్తా. నువ్వు చర్చి మనిషివి, దిష్టేంది?" అన్నాను.

"ప్రార్థనా చేయిస్తా. మిరపకాయలు కూడా ఆయన పుట్టించినవే గదా" అంది. అంతటితో ఊరుకుందనుకున్నాను. మా అత్త ఊరుకునే మనిషి కాదని ముప్పై ఏళ్లుగా తెలిసి కూడా.

ఆదివారం సందె వేళ. కొడుకు ప్రయోగశాలలో పనుందని కాలేజీకి వెళ్లాడు, మా ఆయన గుంటల దగ్గర ఉన్నాడు, నేను పెరటి చివర ఆరేసిన బట్టలు తీస్తున్నాను. మా అత్త ఆమెను చెయ్యి పట్టుకుని మా హాల్లోకి తీసుకొచ్చి, తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టింది. పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పెట్టుకుని ఆమె చుట్టూ తిప్పింది. మామూలుగా ఈ తంతు వీధి గుమ్మంలోనో పెరట్లోనో చేస్తారు. గుమ్మంలో చేస్తే ఎదురింటి పాస్టరమ్మ చూస్తుంది, పెరట్లో చేస్తే నేను చూస్తాను. అందుకని హాల్లోనే కుంపటి పెట్టి, తలుపులు మూసి, కిటికీ రెక్కలు కూడా దగ్గరకు వేసింది.

మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. చలికాలపు తేమకు మెత్తబడి ఉన్నాయేమో, ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. తన మాటే నిజమైందని మా అత్త సంబరపడి ఇంకో గుప్పెడు తెచ్చి వేసింది, విసనకర్రతో విసిరింది. అప్పుడు అన్నీ కలిసి ఒక్కసారిగా అంటుకున్నాయి.

నాకు పెరట్లోనే ముక్కు అదిరింది. బట్టలు అక్కడే పారేసి పరుగెత్తాను. ఇంటి పక్కనున్న మెట్ల దగ్గరికి వచ్చేసరికి నేను చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గుంట గట్టు దాకా నడవడానికి ఒకచోట ఆగాల్సిన మనిషి, మా అత్తను వెనక నుంచి నడుం చుట్టూ పట్టుకుని మెట్లెక్కిస్తోంది. మా అత్త బరువైన మనిషి, మోకాళ్లు వంగవు. మోకాలితో తోస్తూ, భుజంతో ఎత్తుతూ ఎక్కిస్తోంది. తన తలగుడ్డను నీళ్లలో తడిపి మా అత్త ముక్కుకూ నోటికీ చుట్టింది. తన ముఖం మీద ఏమీ లేదు. దగ్గుకూ దగ్గుకూ మధ్య, ఆ బొంగురు గొంతుతో ఒకటే అరుపు.

"పైకి! అవ్వా, పైకి! పైకి!"

మిద్దె మీద మా అత్త ముఖాన్ని సముద్రపు గాలి వైపు తిప్పి నిలబెట్టింది. అప్పుడు తను కూలబడిపోయింది. పెదవులు నీలంగా మారాయి. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఒడ్డున పడిన చేపలా ఎగిసిపడింది.

నెల్లూరు ఆసుపత్రికి కారులో ఎలా వెళ్లామో నాకు వరసగా గుర్తులేదు. ఆమె తల నా ఒళ్లో ఉంది. ముందు సీట్లో మా అత్త తడిగుడ్డ మెడకు చుట్టుకుని అలాగే ఉండి ప్రభువా ప్రభువా అంటోంది. ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్లాక నేను మా అత్త మీద ఒంటికాలి మీద లేచాను. పదిమందిలో, గొంతు చించుకుని. ఇన్నాళ్లు కంటికి రెప్పలా కాచుకున్నది ఇందుకేనా, ఆ బిడ్డకు పోయిన ఊపిరి నువ్వు తెచ్చిస్తావా అని. ఎప్పుడూ నాకు మాటకు మాట అప్పజెప్పే మనిషి ఆ రోజు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అన్నం తినలేదు, ఇంటికి రమ్మంటే రాలేదు.

మూడోరోజు ఉదయం ఆమెను మామూలు వార్డులోకి మార్చారు. ముక్కుమీద ఆక్సిజన్ మాస్కు ఉంది. కొడుకు పక్కన కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే మాస్కు కొంచెం పక్కకు జరిపి ఆమె అడిగిన మొదటి మాట, "అవ్వ?"

మా అత్త నా వెనక నుంచి ముందుకొచ్చింది. ఆమె మా అత్త ముఖం పట్టుకుని కళ్లు పరీక్షగా చూసింది, ఎర్రబడ్డాయేమోనని. గుండె మీద చెవి పెట్టబోయింది. మా అత్త ఇక ఆగలేకపోయింది.

"నాకేమైతాది బిడ్డా? మిరపకాయ ఘాటు నేను పుట్టినకాణ్ణుంచీ పీల్చేదే గదా. చేసిందాన్ని నేను. నన్నెందుకు ఎత్తుకోని పోయినావు? నువ్వు బైటికి పరిగెత్తాల్సింది గదా!"

కొడుకు ఆ మాటల్ని వాళ్ల భాషలో చెప్పాడు. ఆమె మాస్కు తీస్తూ, పెట్టుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు వింటున్నాడే గానీ మాకు తిప్పి చెప్పడం మరిచిపోయాడు. అతను కూడా అది మొదటిసారి వినడమని అతని ముఖం చూస్తేనే తెలిసింది. నేను భుజం మీద చెయ్యి వేశాక తేరుకుని చెప్పాడు.

ఆ రోజు ఆమె మిద్దె మీద పిట్టలకు రొట్టె ముక్కలు వేస్తోంది. విమానాల చప్పుడుకు వాళ్లమ్మ చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని మాళిగలోకి దిగింది, కిందికి రమ్మని కేకేసింది. పైనుంచి ఈమెకు వీధి కనిపిస్తోంది. వీధిలో కోళ్లు పడిపోతున్నాయి, కుక్క పడిపోయింది. ఏదో నేల మీద పాకి వస్తోందని ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమైంది. మాళిగ మెట్ల దాకా దిగి వెళ్లి, అమ్మ చెయ్యి పట్టుకుని పైకి లాగింది. పైకి రా అమ్మా, పైకి అని ఏడ్చింది. తల్లి తిట్టింది. చప్పుడైనప్పుడు పైకి పోయే పిచ్చివాళ్లుంటారా? చెంప మీద ఒకటి వేసి, ఈమెనే కిందికి లాగింది. ఈమె చెయ్యి విడిపించుకుని మళ్లీ మిద్దె మీదికి పరుగెత్తింది.

"అమ్మ కదల్లేదు. నా చేతులు చిన్నవి" అందట.

ఆ తర్వాత మాటకు తిప్పి చెప్పేవాళ్లు అవసరం లేకపోయింది. ఆమె రెండు అరచేతులూ పైకెత్తి, మా అత్త ముందు చాచి చూపించింది. అయినా కొడుకు చెప్పాడు. "ఇప్పుడు పెద్దవయ్యాయి కదా అవ్వా, అంటోంది."

మా అత్త ఏడవడం నేను మా మామ పోయినప్పుడు చూశాను, మళ్లీ అక్కడ చూశాను. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్లు ఆ చేతుల్ని ఆమె ఏమని తిట్టుకుని ఉంటుందో. ఆ గాలిని తయారుచేసినవాళ్ల మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, బడిలో తెలుగు వాచకంలో యుద్ధం పాఠం వచ్చినప్పుడు ఆ వారమంతా నేను పిల్లల ముందు సరిగ్గా మాట్లాడలేకపోయాను. మా అత్త కళ్లు తుడుచుకుని, రెండు చేతులతో ఆమె ముఖం చుట్టూ నిమిరి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. అన్ని వేళ్లూ ఒక్కసారే పటపటమన్నాయి. నిప్పూ పొగా లేని దిష్టి అది. మొదటే అదొక్కటీ చేసి ఉంటే అని నేను అనలేదు. ఆమె ముఖంలో అప్పటికే ఆ మాట ఉంది.

ఆమె బతికి ఇంటికి వచ్చింది గానీ డాక్టరు చెప్పినట్టే పోయింది తిరిగి రాలేదు. ముక్కుకు గొట్టం, పక్కన గుయ్యిమనే యంత్రం. గట్టు దాకా నడక ఆగిపోయింది. మంచం నుంచి వసారా దాకా వచ్చేసరికే కూర్చోవాల్సి వచ్చేది. కొడుకు పట్టా పుచ్చుకున్న రోజు ఆమె హాల్లోకి వెళ్లింది, చక్రాల కుర్చీలో. కుర్చీ తోసింది మా అత్త. కొడుకు పేరు పిలిచినప్పుడు ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. అతను మెట్లెక్కి పట్టా తీసుకుని దిగేదాకా అలాగే నిలబడింది. వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని మా అత్తా నిలబడింది, మోకాళ్ల సంగతి మరిచిపోయి.

వాళ్లు వాళ్ల ఊరికి వెళ్లిపోయి కొన్ని నెలలైంది. వారానికోసారి కొడుకు వీడియో కాల్ చేస్తాడు. తల్లి ఎక్కువ మాట్లాడలేదు, మా అత్త మాట్లాడుతుంటే చూస్తూ ఉంటుంది. ఆ మధ్య రాకెట్ పైకి పంపే రోజున నేను బడి నుంచి వచ్చేసరికి మా అత్త గోడ పట్టుకుని మిద్దె మెట్లెక్కుతోంది. నేను పట్టుకోబోతే విదిలించుకుంది.

"తాకబాకు మే. ఆ బిడ్డ నన్ను ఎక్కించినప్పుడు ఎక్కలా?"

పైకి చేరాక నాచేత ఫోన్ కలిపించింది. తెరమీద ఆమె కనిపించింది, దిండ్లకు ఆనుకుని, ముక్కుకు గొట్టంతో. దక్షిణాన నిప్పు లేచింది. నేను ఫోన్ అటు తిప్పబోయాను. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. రాకెట్ ఆమెకు అక్కర్లేదు. మిద్దె మీద, గాలికి చీరకొంగు ఎగురుతుండగా నిలబడ్డ మా అత్తనే చూస్తోంది. చప్పుడు వచ్చి కింద కిటికీలు అదిరేదాకా చూసి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఒక్క మాట అంది.

"పైకి."

"అవును బిడ్డా" అంది మా అత్త. "పైనే ఉండా."